జింకు మ్యాపును మండలం హద్దుకు కత్తిరించడం – నేను చేసిన తప్పుతో సహా

క్యూజీఐఎస్‌లో ఏ బటన్ నొక్కాలో పై వీడియోలో చూపించా. ఎందుకు నొక్కాలో, వచ్చిన మ్యాపును ఎంతవరకు నమ్మాలో ఇక్కడ రాస్తున్నా.

జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు భూమిని 2 కిలోమీటర్లకు 2 కిలోమీటర్ల గడులుగా విడగొట్టి, వాగుల్లో మట్టి తీసి, జింకు, రాగి లాంటి మూలకాలు ఎంతున్నాయో పరీక్ష చేస్తారు. ఆ లెక్కలు భూకోశ్ సైటులో పెడతారు. ఒక గడికి ఒక అంకె. గడి అంటే 4 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో దాదాపు 988 ఎకరాలు. ఈ అంకె గుర్తు పెట్టుకోండి.

మన వరికుంటపాడుకు చేసేటప్పుడు మండలం లోపలి పాయింట్లు మాత్రమే తీసుకోవద్దు. చుట్టూ ఇంకో నాలుగైదు కిలోమీటర్లవి కూడా తీసుకోండి. ముందే కత్తిరిస్తే అంచుల్లో పక్క పాయింటు ఉండదు, అక్కడ మ్యాపు తప్పు చెబుతుంది. మొదట పాయింట్లను, మండలం హద్దును రెండింటినీ యూటీఎం 44 నార్త్ (ఈపీఎస్‌జీ 32644) లోకి మార్చి సేవ్ చేయండి. డిగ్రీల్లో వదిలేస్తే దూరాలు మీటర్లలో రావు. తర్వాత ఐడీడబ్ల్యూ ఇంటర్‌పొలేషన్. కత్తెర చివర్లోనే: రాస్టర్ మెనూ, ఎక్స్‌ట్రాక్షన్, క్లిప్ రాస్టర్ బై మాస్క్ లేయర్. అక్కడ నోడేటా విలువ -9999 ఇవ్వండి. లేకపోతే హద్దు బయట సున్నాలు పడి, మండలం సగటు తీసేటప్పుడు అవి కూడా కలిసిపోతాయి.

ఇక నా తప్పు. ఐడీడబ్ల్యూలో పిక్సెల్ సైజు మనమే ఇవ్వాలి. నేను 10 మీటర్లు ఇచ్చా. మ్యాపు నున్నగా, ఎంత అందంగా వచ్చిందో! దాన్ని మా బాబాయి బత్తాయి తోట హద్దుకు కత్తిరించి, 6 ఎకరాలూ మంచి రంగులో ఉంటే, ‘జింకు బాగానే ఉంది బాబాయ్, మట్టి పరీక్ష దండగ’ అనేశా. ఆయన నమ్మి ఊరుకున్నాడు. రెండు నెలలకు కొత్త చిగుళ్లలో ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపు. మట్టి పరీక్ష చేయిస్తే జింకు తక్కువ అని వచ్చింది. ‘ఏందబ్బాయా, నీ కంప్యూటరు బాగుందంది గదా?’ అన్నాడు. ఏం చెప్పను?

నేను చూసింది 988 ఎకరాలకు ఒక్క అంకె. 10 మీటర్ల పిక్సెల్ అంటే దాన్నే సన్నగా తరిగినట్టు, అందులో కొత్త సమాచారం ఏమీ లేదు. ఇంకోటి, వాగు మట్టిలో వాళ్లు కొలిచేది మొత్తం జింకు. రాతి రేణువుల్లో బిగుసుకుపోయింది కూడా అందులోకే వస్తుంది. వేరు తీసుకోగలిగింది ఎంతో మట్టి ల్యాబ్ వాళ్లు డీటీపీఏ ద్రావణంతో తీసి చూస్తారు. రెండూ వేరు వేరు లెక్కలు.

అందుకే ఇప్పుడు చేను హద్దుకు కత్తిరించడం మానేశా. మండలం హద్దుకే ఆపుతున్నా, పిక్సెల్ 500 మీటర్లకు తగ్గించను. గడులు గళ్లు గళ్లుగా కనిపిస్తేనే మంచిది, చూసేవాళ్లకు భ్రమ ఉండదు. ఏ పక్కన ముందు శాంపిళ్లు తీయాలో తేల్చుకోవడానికి ఆ మ్యాపు చాలు.

మొన్న బాబాయి తోటలో ఎర్ర చెక్కకు ఒక సంచి, వాగు పక్క నల్లమట్టికి ఒక సంచి విడిగా తీశాం, ఘనజీవామృతం వేయకముందే. రిపోర్టులు రాగానే రెండూ వీడియోలో చూపిస్తా.