రంగు డబ్బా ఇప్పుడే కొనకు

అంకాపూర్,
శ్రావణ మాసం



పడకగది గోడకు ఏ రంగు వేయిస్తే బూజు మళ్లీ రాదని ఫోన్లో అడిగావు. అన్నీ ఫోన్లో చెప్పలేక రాస్తున్నా, మేస్త్రీకీ చూపించు. ఇప్పుడు ఏ రంగూ వద్దు. పోయినేడు వేసిన రంగును చీల్చుకుని నల్లమచ్చలు తేలాయంటే, తడి వచ్చే దారి అట్లాగే ఉంది.

మనం పసుపు పండించేవాళ్లం. ఉడకబెట్టిన కొమ్మును పది పదిహేను రోజులు ఎండబోస్తాం, విరిస్తే టక్కుమనేదాకా వదలం. రాత్రి మంచుకు టార్పాలిన్ కప్పుతాం. తేమ పది శాతానికి దిగకుంటే బూజు పడుతుందనీ, నిజామాబాద్ యార్డులో ధర రాదనీ భయం. బస్తాల కింద చెక్కలు వేస్తాం, గోడకు ఆననివ్వం. మరి పిల్ల పడుకునే గదిలో? బీరువా, పరుపు, బట్టల మూటలు అన్నీ గోడకే. ముందు బీరువాను జానెడు ఇవతలికి జరిపించు, వెనక గాలి ఆడాలి.

తడి ఎక్కడిదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం జానెడు ముక్క కోసి, మచ్చ పక్కన పొడిగా ఉన్నచోట నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించు. రెండు రోజులయ్యాక చూడు. కాగితం మీద, గది వైపు చెమర్చితే అది గదిలోని ఆవిరే. దోమలకు భయపడి కిటికీలు బిగించి, తడి బట్టలు లోపలే ఆరేస్తే అంతే మరి. తీసి చూస్తే గోడ వైపు తడి ఉందా, నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు.

అప్పుడు మచ్చ ఎంత ఎత్తులో ఉందో చూడాలి. పైనుంచి దిగితే స్లాబ్ ఉరుస్తున్నట్టే. డాబా మీద నీళ్లు పోయే గొట్టంలో వేపాకు అడ్డుపడిందేమో, ట్యాంకు పొర్లుతోందేమో చూడమను. సగం ఇళ్లల్లో రోగం అదే! కింద నడుము ఎత్తు దాకా ఉప్పు పూసి గచ్చు రాలుతుంటే నేల తడి. మీ పెర్కిట్ గల్లీలో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పోసి మీ గడప కంటే ఎత్తు చేశారు, వాననీళ్లు గోడ మొదట్లోనే నిలుస్తున్నాయి. ముందు ఆ నీళ్లకు కాలువ తీయించు. ముందుగది పాత మట్టిగోడకు సిమెంటు పూయించారు కదా, లోపలి తడి బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది. అది గీకించి సున్నం గచ్చు చేయించండి. సున్నం పాతకాలపు పని అని మేస్త్రీ నవ్వితే నవ్వనీ.

బూజును పొడి చీపురుతో దులపకు, గాలంతా లేస్తుంది. పిల్లను అవతలి గదిలో ఉంచి, కిటికీలు తెరిచి, ముక్కుకు మాస్కు కట్టుకుని, సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి ఆరనీ. బ్లీచింగ్ పౌడర్లో బాత్రూం యాసిడ్ మాత్రం ఎన్నడూ కలపకు బిడ్డా, విషవాయువు పుడుతుంది. పిల్లకు రాత్రి దగ్గు తగ్గకుంటే, పిల్లికూతలు వినిపిస్తే డాక్టరుకు చూపించి గోడ సంగతి కూడా చెప్పు. చెమ్మ ఇళ్లల్లో ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది.

అల్లుడు దుబాయ్ నుంచి పంపే పైసలు ముందు స్లాబ్‌కూ కాలువకూ పెట్టు. గచ్చు పని వానలు వెనకబట్టాకే. అది బాగా ఆరాక, సంక్రాంతికి రంగు సంగతి చూద్దాం.

మీ పెద్దబాపు