నోటికి వచ్చిన కీర్తన



కొన్నేళ్ళ క్రితం మా స్త్రీల వార్డులో పక్షవాతం వచ్చిన ఒక అమ్మ ఉండేవారు. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. మంచినీళ్ళు అడగలేక ఏడ్చేవారు. ఒక సాయంత్రం వార్డు ప్రార్థనలో సిస్టర్లు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని పాత కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. ఆ అమ్మ కూడా పాడారు. పల్లవి మొత్తం, మాటలతో సహా! కూతురు మంచం పట్టుకొని నిలబడిపోయింది.

ఇది వింతే గాని కారణం లేనిది కాదు. చాలామందిలో మాటను నడిపే భాగం మెదడులో ఎడమ వైపున ఉంటుంది. పాటకు కుడి వైపు కూడా సాయపడుతుంది. అందుచేత మాట పోయినా, కంఠతా వచ్చిన పాట కొందరిలో మిగులుతుంది. 1973లో అమెరికాలో ఈ ఆధారంతోనే, రాగం తీస్తూ మాటలు నేర్పే చికిత్సను ప్రచురించారు. అందరికీ పని చేయదు. మేము "నీళ్ళు" అనే మాటను రాగం తీసి, ఎడమ చేతితో తాళం వేయిస్తూ ఆమెకు నేర్పాము. ఇంటికి వెళ్ళేనాటికి నీళ్ళు, కూతురి పేరు, ఆమేన్ అనగలిగారు.

ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలలు మధ్యరాత్రి పాడారు (అపొ. కా. 16:25). ఒంటి మీద దెబ్బలు, కాళ్ళకు బొండ. తరువాత చెరసాల నాయకుడు దీపం తెమ్మన్నాడంటే అంతా చీకటే. వారు పాడినది నోటికి వచ్చినదే అయి ఉండాలి. కొలొస్సయులకు 3:16లో పౌలు పాటను బోధతో కలిపే చెప్పాడు. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) వంటివారు మన రాగతాళాలలో కీర్తనలు కట్టబట్టే, అక్షరం రాని అవ్వలు కూడా వాక్యం నేర్చుకున్నారు.

ఇప్పుడు చాలాచోట్ల తెర మీద చూసి పాడుతున్నాము. తెర ఆరితే రెండవ చరణం ఎంతమందికి వచ్చు? వాయిద్యాలకు నేను విరోధిని కాను, 150వ కీర్తన నిండా అవే. కాని డ్రమ్ముల హోరులో సంఘం నోరు మెదపకపోతే అది వినడమే గాని పాడడం కాదు. కుటుంబ ప్రార్థనలో వారానికి ఒక్క చరణం, పుస్తకం మూసి, పిల్లలతో పాడించండి.

ఒక మాట నర్సుగా చెప్పాలి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఆ అమ్మను మా దగ్గరకు తెచ్చింది రెండవ రోజున.