పిల్లల కౌన్సెలర్ కావాలంటే పెద్దలతో మాట్లాడటం రావాలి

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. అంతగా వార్తలకెక్కని ఆదేశం ఇంకొకటి కూడా అందులో ఉంది: తల్లిదండ్రులకూ క్రమం తప్పకుండా అవగాహన కార్యక్రమాలు నిర్వహించాలని. సైకాలజీ చదివేవాళ్లు మొదటిదాన్ని ఉద్యోగావకాశంగా చూస్తారు, రెండోదాన్ని చదివి వదిలేస్తారు. నా లెక్కలో అసలు ఉద్యోగం ఆ రెండోదే. కుటుంబంతో పనిచేయడం నేర్పని కోర్సు చేసి పిల్లల దగ్గర కూర్చుంటే సగం పనే వస్తుంది.

పిల్లలు తమంతట తాము క్లినిక్‌కు రారు. ఎవరో ఒకరు తీసుకురావాలి, ఫీజు కట్టాలి, మళ్లీ వారం గుర్తుపెట్టుకుని తీసుకురావాలి. ఆరేళ్లలోపు పిల్లలకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం) ఉందని తేలితే, అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మార్గదర్శకాల ప్రకారం మొదటి చికిత్స మాత్రలు కాదు, పిల్లలతో ఎలా మెలగాలో తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఇదే దారిలో ఉంది. మైనర్‌ను ఆసుపత్రిలో చేర్చుకుంటే సంరక్షకులో, వాళ్లు నియమించిన మనిషో అక్కడ ఉన్నన్నాళ్లూ పక్కనే ఉండాలి. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ గేటు దగ్గర ఆదివారం అవుటింగ్ చూసినా విషయం అర్థమవుతుంది. టిఫిన్ బాక్సు మూత తీయకముందే అమ్మ వీకెండ్ టెస్ట్ ర్యాంకు అడుగుతుంది, నాన్న ఫోన్లో మార్కుల మెసేజ్ వెతుకుతుంటాడు. వారమంతా ఆ పిల్లవాడితో కౌన్సెలర్ చేసిన పని అరగంటలో నీరుగారిపోతుంది. ఇందులో తల్లిదండ్రుల దుర్మార్గం ఏమీ లేదు. అప్పు చేసి ఫీజు కట్టినవాళ్ల భయం అది. ఆ భయంతో మాట్లాడటమే నేర్చుకోవాల్సిన విద్య.

మరి ఇల్లే సమస్య అయినప్పుడో? కొట్టే తండ్రినీ, లైంగికంగా వేధించే బంధువునూ కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేస్తామా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కుటుంబంతో పనిచేయడమంటే కుటుంబం పక్షాన నిలబడటం కాదు. లైంగిక వేధింపు గురించి తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. అక్కడ గోప్యత వర్తించదు. కాబట్టి ఏది గుట్టుగా ఉంచుతామో, ఏది ఉంచలేమో మొదటి రోజే పిల్లలకు చెప్పాలి. ఇంట్లో ఎవరిని నమ్మవచ్చో కనిపెట్టడం కూడా ఈ వృత్తిలో భాగమే. ఒక్కోసారి ఆ మనిషి అమ్మమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు.

ఇక చదువు సంగతి. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నా బీఏ సైకాలజీకి దారి ఉంది; ఆపై ఎంఏ లేదా ఎమ్మెస్సీ. క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీస్ చేయాలంటే మాత్రం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇన్నాళ్లూ దానికి ప్రధాన మార్గమైన ఎంఫిల్ స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి. అందుకే కాలేజీ బ్రోషర్‌ను నమ్మకుండా, మీరు చేరే ఏడాదికి ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. కుటుంబాలతో పని నచ్చేవాళ్లకు నేను ముందు చెప్పేది ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్). ఏ డిగ్రీ చేసినవాళ్లైనా చేరవచ్చు, ఫీల్డ్‌వర్క్ పేరుతో రెండేళ్లూ ఇళ్లకూ ఆసుపత్రులకూ తిప్పుతారు. వారాంతపు ఆన్‌లైన్ డిప్లొమాలో అది దొరకదు. ఏ కోర్సైనా సరే, సీనియర్ పర్యవేక్షణలో ఎన్ని గంటల కేసులు చూపిస్తారో అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఇంకోచోట చూసుకోవడం మేలు.

తీర్పులున్నా ఉద్యోగాలేవీ అని పెదవి విరిచేవాళ్లున్నారు. వాళ్ల మాటా కొట్టిపారేయలేం. ఉన్న లెక్చరర్‌కే కౌన్సెలర్ బ్యాడ్జీ తగిలించి చేతులు దులుపుకోవాలని చూసే యాజమాన్యాలు ఉంటాయి. కానీ అవసరం కాగితం మీదిది కాదు. 2015–16లో నిమ్హాన్స్ సంస్థ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్లవారిలో సుమారు 7 శాతం మందిలో మానసిక సమస్యలు కనిపించాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్ (14416) కూడా ఫోనెత్తి మాట్లాడే శిక్షిత సిబ్బంది ఉంటేనే నడుస్తుంది. జీతం తొలి ఏళ్లలో తక్కువే ఉండవచ్చు, దాన్ని దాచి లాభం లేదు. కాలేజీ ఇంటర్వ్యూకు వెళితే మాత్రం వాళ్లను మీరూ నాలుగు ప్రశ్నలు అడగండి: తలుపున్న గది ఇస్తారా? పిల్లల గురించి రాసుకున్న నోట్స్ ఎవరు చూస్తారు? తల్లిదండ్రులను నేను నేరుగా పిలిపించవచ్చా? అడ్మిషన్ల సీజన్‌లో నన్ను కూడా ఊళ్ల మీదకు పంపిస్తారా?