చిత్రములను మోయు చిన్న కార్డు: తలిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులు

పాఠశాల వార్షికోత్సవము ముగిసిన పిదప ప్రతి గృహమునందును ఛాయాచిత్రములను గూర్చిన ముచ్చటయే సాగుచుండును. నాటకమున వేషము ధరించిన కుమారుడు, పద్యము చదివిన కుమార్తె, ముందు వరుసలో కూర్చుండి చప్పట్లు కొట్టిన తాతగారు, వీరందఱి రూపములును డిజిటల్ కెమేరాలోని తపాలాబిళ్ళంత కార్డుపై ఆధారపడియుండును. కెమేరాను కొనునపుడు నలుగురిని విచారించి, నాలుగు అంగళ్ళు తిరిగి, బేరమాడి కొందుము. కార్డును మాత్రము వర్తకుడు చేతికిచ్చినదానినే పుచ్చుకొందుము. ఇది తగిన పద్ధతి కాదు. కెమేరా చెడినయెడల మఱియొకటి కొనవచ్చును. కార్డు చెడినచో అందలి చిత్రము తిరిగి రాకపోవచ్చును.

అన్యభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనబోటి కుటుంబములకు ఈ విషయము మఱింత ముఖ్యమైనది. హోసూరులోనో, బరంపురములోనో, సోలాపురములోనో పెరుగుచున్న బాలునకు అవ్వ చెప్పు కథయు, పెండ్లిలో ముత్తైదువలు పాడు పాటయు పాఠ్యగ్రంథములంత విలువగలవి. వానిని రూపముతోను, కంఠముతోను పదిలపఱచుటకు నేడు ఇంటనున్న కెమేరాయే చాలును. అయితే పట్టిన పాట నిలుచునా పోవునా యనునది కార్డు మంచిచెడ్డలను బట్టియుండును.

కార్డులో నేమున్నది?

ఫ్లాష్ అను ఈ స్మృతిసాధనమును జపానుదేశపు తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా అను ఇంజనీరు కనిపెట్టి, 1984లో లోకమునకు వెల్లడించెను. నేటి కెమేరాలలో విరివిగా వాడబడు ఎస్.డి. కార్డును 1999లో తోషిబా, పానాసోనిక్, శాన్‌డిస్క్ సంస్థలు కలిసి ప్రకటించినవి.

కార్డులో కోట్లకొలది సూక్ష్మమైన గదులున్నవి. ఒక్కొక్క గదిలో నిలిచిన విద్యుదావేశమే చిత్రమును తెలుపు సంకేతము. వ్రాయుచు చెఱపుచు నున్నకొలది ఆ గదులు అరుగును. వాడక పెట్టెలో నుంచినను, ఏండ్లు గడచినకొలది ఆవేశము మెల్లగా జాఱిపోవును. కావున కార్డు ప్రయాణపు సంచియే గాని భోషాణము కాదు. గదులతోపాటు నియంత్రకమను మఱియొక భాగము కలదు. ఎచ్చట నేమి వ్రాసినది, మొత్తము ఎంత చోటున్నది అను లెక్కను కెమేరాకు అప్పగించు గుమాస్తా అదియే.

పరిమాణము

మొదట కార్డుపైనుండు అక్షరములను చదువవలెను. ఎస్.డి. అని మాత్రమే యున్నది 2 గిగాబైట్ల వఱకును, ఎస్.డి.హెచ్.సి. అని యున్నది 32 గిగాబైట్ల వఱకును, ఎస్.డి.ఎక్స్.సి. అని యున్నది 2 టెరాబైట్ల వఱకును పట్టునట్లు ఏర్పాటు. కడపటి విధము 2009లో వెలువడినది. అంతకు పూర్వపు కెమేరాలు సాధారణముగా దానిని గుర్తింపజాలవు. కెమేరాతో నిచ్చిన చిన్న పుస్తకములో ఏ కార్డు పనికివచ్చునో వ్రాసియుండును. 64 గిగాబైట్ల కార్డును విండోస్ కంప్యూటరులో పెట్టినపుడు 59 చిల్లర మాత్రమే చూపినచో మోసమని తలపరాదు. తయారుచేయువారు 1,000 చొప్పునను, కంప్యూటరు 1,024 చొప్పునను లెక్కించుటయే దీనికి కారణము.

వేగము

కార్డుపై పెద్దగా అచ్చువేసిన 100, 170 వంటి అంకెలు సాధారణముగా చదువు వేగమును తెలుపును. చిత్రము తీయునపుడు కావలసినది వ్రాయు వేగము. దానిని చిన్న గుర్తులలో వెదకవలెను. సి అను ఆంగ్లాక్షరము నడుమ 10 అని యున్నచో సెకనుకు కనీసము 10 మెగాబైట్లు వ్రాయునని అర్థము. యు అను అక్షరము నడుమ 3 అని యున్నను, వి పక్కన 30 అని యున్నను సెకనుకు కనీసము 30 మెగాబైట్లు.

ఎంత కార్డు కావలెనో పై తరగతుల పిల్లలచేతనే లెక్క చేయింపవచ్చును. ఒక కెమేరా 4కె చలనచిత్రమును సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీయుననుకొందము. 8 బిట్లు ఒక బైటు గనుక, 100ను 8చేత భాగింపగా 12.5 మెగాబైట్లు వచ్చును. దీనికి సి 10 గుర్తు చాలదు. వి 30 చాలును. గంటకు 3,600 సెకనులు గనుక, గంటసేపటికి 45,000 మెగాబైట్లు, అనగా 45 గిగాబైట్లు. రెండు గంటల నాటకమునకు 90 గిగాబైట్లు కావలెను. నిశ్చలచిత్రములకైనచో ఇంత యవసరము లేదు. ఒక్కొక్క చిత్రము 8 మెగాబైట్లనుకొన్నను 32 గిగాబైట్ల కార్డులో సుమారు 4,000 పట్టును.

మోసపు కార్డులు

అన్నింటికంటె జాగ్రత్తపడవలసినది ఇచ్చట. కొందఱు 8 గిగాబైట్ల సరకుపై 128 అని ముద్రించి, పైన చెప్పిన గుమాస్తాచేత అబద్ధపు లెక్క చెప్పింతురు. మొదటి 8 గిగాబైట్లు నిండువఱకు అన్నియు చక్కగానే యుండును. తరువాత తీసినవి నిలువవు, లేదా పాతవానిపై పడి వానిని గూడ చెఱచును. కెమేరా మాత్రము ఏ లోపమును తెలుపకపోవచ్చును. పెండ్లియంతయు తీసి ఇంటికి వచ్చి చూచుకొన్నపుడే నష్టము బయటపడును.

పై అట్టను చూచి అసలు నకిలీలను గుర్తించుట కష్టము. కావున తయారుచేయు సంస్థచే అంగీకరింపబడిన విక్రేతయొద్దనే, రసీదు తీసికొని, కొనవలెను. ధర మరీ తక్కువయైనచో సందేహింపవలెను. కొన్న వెంటనే, తిరిగి యిచ్చు గడువు దాటకముందే, పరీక్షింపవలెను. ఇందులకు విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యు, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అను ఉచిత సాధనములు కలవు. అవి ఖాళీ కార్డును అంచుల వఱకు నింపి, వ్రాసినదానిని తిరిగి చదివి సరిచూచును. పెద్ద కార్డునకు కొన్ని గంటలు పట్టవచ్చును. అయినను ఆ శ్రమ వ్యర్థము కాదు.

వాడుక నియమములు

1. చిత్రములను వేఱొకచోట దాచుకొనిన పిదపనే కార్డును చెఱపవలెను. ఆ ఫార్మాట్ పనిని కెమేరాలోనే చేయవలెను.

2. వ్రాయుచున్నట్లు తెలుపు దీపము వెలుగుచుండగా కార్డును తీయరాదు.

3. పొరపాటున చిత్రములు చెఱపబడినచో ఆ కార్డుపై మఱేమియు తీయరాదు. ఫోటోరెక్ వంటి ఉచిత సాధనముతో పలుమాఱు వానిని తిరిగి పొందవచ్చును.

4. ముఖ్యమైన శుభకార్యమునకు ఒక్క పెద్ద కార్డునే నమ్మక, రెండింటిని మార్చి మార్చి వాడవలెను. ఒకటి చెడినను సగము మిగులును.

5. తీసిన రాత్రియే ప్రతులు తీయవలెను. మొత్తము మూడు ప్రతులుండవలెను. అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను. అందొకటి వేఱొకచోట నుండవలెను. పొరుగూరి మేనమామ యింటనున్న ప్రతి మన యింటి ప్రమాదమునకు చిక్కదు.

చివర నొక మాట. ఎంత మంచి కార్డైనను చిత్రమును మాత్రమే మోయును. అందున్నవారి పేర్లను చెప్పజాలదు. కావున ప్రతి తీసిన రాత్రియే పిల్లలను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, చిత్రములోనివారి పేరు, వరుస, ఊరు, సంవత్సరము వారిచేత తెలుగులో వ్రాయింపుడు. తెలియనివారిని గూర్చి అవ్వనడిగి వ్రాయుదురు. ఆ సమయమున వారు నేర్చుకొను వరుసలును, మాటలును ఏ కార్డు చెడినను చెడవు.