తప్పు నెత్తుటిలో ఉందా, పరిస్థితుల్లో ఉందా?

మన మొహల్లాలో ఒక కుర్రవాడు దొంగతనం చేసి పట్టుబడ్డాడనుకోండి. "వాడి నెత్తురే అంత" అంటారు కొందరు. "సావాసం చెడగొట్టింది" అంటారు మరికొందరు. మనం అరుగు మీద కూర్చుని చేసే ఈ వాదనే సమాజశాస్త్రంలోనూ చాలాకాలంగా నడుస్తోంది.

ఇటలీ వైద్యుడు లొంబ్రోసో 1876లో ఒక గ్రంథం రాసి, కొందరు పుట్టుకతోనే నేరస్థులని, దవడనూ నుదుటినీ చూసి వారిని గుర్తుపట్టవచ్చని వాదించాడు. ఇంగ్లండులో గోరింగ్ సుమారు మూడు వేల మంది ఖైదీలను కొలిచి చూసి, అటువంటి ప్రత్యేక నేరస్థ రూపమేదీ లేదని 1913లో తేల్చాడు. అమెరికాకు చెందిన మెర్టన్ 1938లో దృష్టిని సమాజం వైపు తిప్పాడు. సంపాదించమని అందరికీ నూరిపోసి, సంపాదించే దారి కొందరికే తెరిచి ఉంచితే, మిగిలినవారిలో కొందరు అడ్డదారి పడతారన్నాడు.

ఈ వాదాలు పుస్తకాల్లోనే ఉండిపోలేదు. లొంబ్రోసో గ్రంథం రాకముందే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల వారు దాని కిందికి వచ్చారు. వీరిలో చాలామంది అంతకు ముందు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది, వారి వర్తకం దెబ్బతింది. బ్రతుకుతెరువు పోయిన సంగతి వదిలేసి, పుట్టుకను పట్టుకుంది చట్టం! పేర్లు నమోదు చేయడం, హాజరు వేయించడం, అనుమతి లేనిదే ఊరు దాటనివ్వకపోవడం. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం అలా సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటుగా మొదలైన ఊరే.

అయితే నేరమంతా సమాజానిదేనని మనం అనడం లేదు. ఒకే ఇంట్లో, ఒకే లేమిలో పెరిగిన అన్నదమ్ముల్లో ఒకడు దొంగిలిస్తాడు, ఒకడు కూలికి వెళతాడు. దొంగిలించినవాడు తన పనికి జవాబు చెప్పవలసిందే. కానీ ఒక ప్రాంతంలో నేరాలు ఎందుకు పెరిగాయన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఆ ఒక్కడి గుణంలో దొరకదు.

ముద్ర సంగతి మరీ కష్టం. దొంగ అనిపించుకున్నవాడికి పని ఇచ్చేవారుండరు. పని లేనివాడు మళ్లీ పాత దారికే పోతాడు. బెకర్ 1963లో ఈ ముద్ర గురించే రాశాడు. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. స్టువర్టుపురం పేరుతో దొంగల సినిమా 1991లో వచ్చింది. ఆ ఊరి దొంగ కథతోనే 2023లో మరొకటి వచ్చింది.