జ్యోతినగర్ బూడిద నేర్పు పాఠము

గోదావరిఖని నుండి జ్యోతినగర్ వైపు వచ్చు వారికి మొదట కనబడునవి విద్యుత్కేంద్రపు పొగగొట్టములు. వాటిని చూచుచు పెరిగిన వారము మనము. అయినను ఆ గొట్టముల క్రింద దినమునకు ఎంత బూడిద పోగగునో లెక్కించి చూచినవారు మన తరగతులలో అరుదు. ఈ వ్యాసమున ముందు ఆ లెక్క చేసి, పిదప మన ఇంటి చెత్త, కళాశాల చెత్త దగ్గరకు వత్తుము. రెంటికిని సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. సంబంధమున్నది, కొంచెము ఓపిక పట్టవలెను.

1978 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేసిన ఈ కేంద్రమున మొదటి యూనిట్ 1983లో పని ప్రారంభించినది. క్రమముగా అవి ఏడై, మొత్తము సామర్థ్యము 2,600 మెగావాట్లకు చేరినది. (ప్రక్కనే 2023, 2024 సంవత్సరములలో చేరిన 800 మెగావాట్ల యూనిట్లు రెంటిని ఈ లెక్కలోనికి తీసుకొనుట లేదు.) పూర్తి సామర్థ్యముతో నడచిన దినమున 6 కోట్ల 24 లక్షల యూనిట్ల విద్యుత్తు పుట్టును. యూనిట్టునకు సుమారు 700 గ్రాముల బొగ్గు అనుకొన్నచో 43 వేల టన్నులకు పైగా బొగ్గు కాలవలెను. మన దేశపు బొగ్గులో బూడిద పాలు హెచ్చు. మూడవ వంతు అనుకొన్నను దినమునకు 14 వేల టన్నులు! పది టన్నుల లారీలు 1,400 కావలెను. దీపము వెలిగించుకొను ప్రతి ఇంటికిని ఈ బూడిదలో వాటా ఉన్నదని మనము తలచుట లేదు.

ఈ బూడిద రెండు రకములు. బాయిలరు అడుగున పడు గరుకు బూడిద ఐదవ వంతు మాత్రమే. తక్కిన నాలుగు వంతులు పిండివలె మెత్తనై పొగతో కూడ పైకి ఎగురును. దానిని ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ అను యంత్రము పట్టును. ధూళి కణములకు విద్యుదావేశము కలిగించి లోహపు పలకలకు అంటుకొనునట్లు చేయుట దాని పని. అట్లు పట్టిన బూడిద ఎదుట రెండు దారులు గలవు. పొడిగా సైలోలలో నిలువ చేసిన యెడల అది సరకు. సిమెంటు వారు, ఇటుకల వారు కొనిపోవుదురు. నీటితో కలిపి గొట్టముల ద్వారా బూడిద చెరువునకు పంపిన యెడల మెత్తనిది, గరుకుది ఏకమై, దాని గుణము చాలవరకు చెడును. అటుపై గుంతలు పూడ్చుటకు, రోడ్డు కట్టలకు తప్ప అంతగా పనికిరాదు. చెరువు ఎండిన చోట ఎండకాలపు గాలికి లేచి చుట్టుపట్ల ఊళ్ళ పెరళ్ళలో, బావులలో పడును. కుందనపల్లి వైపు వారికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు.

మెత్తని బూడిదకు ఆ విలువ ఎందుకనగా, అందలి సిలికా, అల్యూమినాలు తడి తగిలినపుడు సున్నముతో కలిసి గట్టిపడును. రోమనులు అగ్నిపర్వతపు బూడిదతో కట్టిన కట్టడములు నేటికిని నిలిచియుండుటకు ఇదియే కారణము. పొజోలానా సిమెంటులో 15 నుండి 35 శాతము వరకు ఈ బూడిదను కలుప వచ్చునని భారత ప్రమాణములు అంగీకరించినవి. విశాఖపట్నమున భానుమతీదాస్, కాళిదాస్ అను శాస్త్రజ్ఞులు బూడిద, సున్నము, జిప్సములతో ఫాల్‌-జి అను ఇటుకను రూపొందించిరి. దానిని బట్టీలో కాల్చ నక్కరలేదు. పొలముల పైమట్టి త్రవ్వ నక్కరలేదు. కేంద్ర ప్రభుత్వము 1999లో బూడిద వినియోగమును గూర్చి మొదటి ఉత్తర్వు వెలువరించినది. 2021 డిసెంబరు ఉత్తర్వులో, వినియోగింపక మిగిల్చిన బూడిదకు టన్నునకు వేయి రూపాయల పరిహారము విధించినది.

ఇందు గ్రహింపవలసిన దొక్కటే. బూడిద తనంత తానుగా వ్యర్థము కాదు. పుట్టిన చోటనే వేరుగా, పొడిగా పట్టుకొన్నపుడు అది సరకు. కలిపినపుడు అది బరువు. మన నానమ్మలు, అమ్మమ్మలు బొగ్గు పొయ్యి బూడిదను జల్లించి, అంట్లు తోముటకు వేరొక డబ్బాలో దాచుకొనెడివారు. ఉర్దూ తరగతి మిత్రుల ఇండ్లలో దానిని రాఖ్ అనిరి, మన ఇండ్లలో బూడిద అనిరి. డబ్బా మాత్రము రెండు చోట్లను వేరుగానే ఉండెడిది.

ఇక కచరా సంగతి. పట్టణపు చెత్తలో సుమారు సగము కూరగాయల తొక్కలు, మెతుకులు, ఆకులు. ఇవి వేరుగా ఉన్నచో ఎరువు. కాగితము, సీసము, ఇనుము వేరుగా ఉన్నచో రద్దీ దుకాణమున డబ్బు. రెంటిని ఒకే డబ్బాలో వేసిన మరునాటికి తడిసిన కాగితమును దుకాణదారుడు తీసుకొనడు, సీసపెంకులు కలిసిన మెతుకులు ఎరువునకు పనికిరావు. 2016 నాటి ఘన వ్యర్థముల నియమములు ఇంటివద్దనే వేరుచేయవలెనని చెప్పినది ఇందుకే.

క్యాంటీను వద్ద మేము ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులము కొందరము రెండు డబ్బాలు పెట్టి చూచితిమి. మొదటి వారము టీ కప్పులన్నియు తడి డబ్బాలోనే పడినవి. మధ్యాహ్న విరామమున వంతులవారీగా నిలుచుండి చెప్పగా, మూడవ వారమునకు చాలవరకు కుదిరినది. మేము మురిసిపోవుచుండగా, ఒకనాడు చెత్త బండి వచ్చి రెండు డబ్బాలను ఒకే తొట్టిలో కుమ్మరించినది! బండివానిని తప్పుపట్టుట సులభము. అతని బండికి ఉన్నది ఒకే అర. వేరుచేసిన దానిని పెట్టుటకు అతనికి చోటు ఎవరును ఈయలేదు. ఆ నాడే ఊడ్చు పనికి వచ్చు పెద్దమ్మ తన అరచేతి గాటు చూపి, "బిడ్డా, అన్నమొక్క దిక్కు, సీసపెంకులొక్క దిక్కు ఏస్తే నా చెయ్యి తెగకపోవు గదా" అనినది. ఆ మాట మమ్ములను ఇంకను వెంటాడుచున్నది. డబ్బాలకు రంగులు వేయుటకు పట్టిన శ్రద్ధలో సగమైనను, వాటిని ఎత్తు చేతులపై మేము పెట్టలేదు.

తక్కిన దారి కూడ వేరుగా ఉన్నచో ఫలితము కలుగునని సూర్యాపేట చూపినది. సుమారు లక్ష జనాభా గల ఆ పట్టణమున, 2003 ప్రాంతమున, కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ కాలమున, ఇంటింటి నుండి చెత్త సేకరించి, తడి చెత్తను ఎరువుగా మార్చి, పొడి చెత్తను అమ్ము ఏర్పాటు జరిగినది. దేశమున అనేక పట్టణముల వారు దానిని మాదిరిగా చెప్పుకొనిరి. అట్టి పద్ధతి నిలుచుట దినదినపు పర్యవేక్షణపై ఆధారపడును. అధికారి మారినంత మాత్రమున జారిపోవుట మన పట్టణములకు కొత్త కాదు.

కావున బండి మారువరకు వేచియుండక, తడి చెత్తను ప్రహరీ దాటనీయకుండుట మేలు. అందుకు మీటరు లోతు గోతులు రెండు చాలును. మెతుకులు, తొక్కలలో నత్రజని హెచ్చు, ఎండుటాకులలో కర్బనము హెచ్చు. కర్బనము ముప్పది పాళ్ళు, నత్రజని ఒక పాలు ఉన్నచో సూక్ష్మజీవులు చక్కగా పనిచేయును. ఒక గంప తడి చెత్తపై రెండు మూడు గంపల ఎండుటాకులు చల్లుట దీనికి సులువైన కొలత. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటును. కలుపు గింజలు, రోగక్రిములు చాలవరకు చచ్చును. వారమునకొకసారి తిరుగవేయుచు తడి ఆరకుండ చూచిన, రెండు మూడు నెలలలో నల్లని ఎరువు చేతికి వచ్చును. దుర్వాసన వచ్చినచో నీరు ఎక్కువైనదని, ఆకులు తక్కువైనవని గ్రహింపవలెను. మన ఆవరణలోని వేప చెట్ల ఆకులను ఊడ్చి కాల్చుట ఏటేట జరుగుచున్నది. ఆ పొగ మానినను అదియొక లాభము.

పొడి చెత్తకు ఒక తాళపు గది, పగిలిన ట్యూబులైట్లకు, బ్యాటరీలకు మూతగల వేరొక పెట్టె, ఊడ్చు పెద్దమ్మకు దళసరి చేతొడుగులు: కళాశాల కమిటీ పెద్దలను మేము కోరునది ఇంతే. రద్దీ అమ్మిన డబ్బుతో చేతొడుగుల ఖర్చు తీర్చెదము. గోతులు త్రవ్వుటకు పారలు, గంపలు ఎన్.ఎస్.ఎస్. గదిలో ఉన్నవి, స్థలము చూపుట కమిటీ వారి వంతు.