పుప్ఫుసము - రజస్సు: బొగ్గుబాయి కార్మికుని దృష్ట్యా ఒక పరిశీలన

సంస్కృతమున పుప్ఫుసమనబడు అవయవమును తెలుగువారు ఊపిరితిత్తి యనిరి. తిత్తి యనగా తోలుసంచి. కమ్మరి కొలిమిలో నిప్పును రగుల్చు సాధనము. అది తనంతట తాను గాలిని పీల్చజాలదు; కమ్మరి చేయి దానిని కదల్పవలెను. ఊపిరితిత్తియు నట్టిదే. గాలిని లోనికి లాగు కండరములు దానిలో లేవు. వక్షస్సునకును ఉదరమునకును నడుమనున్న విభాజకపటలమును, ప్రక్కటెముకల కండరములును ఆ పని చేయును. ఈ పేరు సార్థకము.

అయితే ఒక భేదము కలదు. కొలిమితిత్తి ఒక్క సంచి. ఊపిరితిత్తులలోని వాయుకోశములు ముప్పది కోట్లకు పైబడియుండును. వానినన్నిటిని పరచినచో సుమారు 70 చదరపు మీటర్ల వైశాల్యమగును.

చరకసంహితలో లెక్కింపబడిన పదునైదు కోష్ఠాంగములలో పుప్ఫుసము కానరాదు. సుశ్రుతుడు దానిని పేర్కొని, రక్తపు నురుగునుండి పుట్టినదని చెప్పెను. శవమును ప్రవహించు నీటిలో ఏడు దినములుంచి, పొర వెంట పొరగా కన్నులార చూచి తెలిసికొనవలెనని విధించినవాడును ఆతడే. అవయవగణనలో భేదించినను, శ్వాసరోగ హేతువులలో రజస్సును, అనగా దుమ్మును, చేర్చుటయందు రెండు సంహితలును ఏకీభవించినవి.

ఆ రజస్సు రామగుండము, గోదావరిఖని ప్రాంతముల బొగ్గుబాయిలలో నిత్యానుభవము. బొగ్గును పగులగొట్టునపుడును, ఎత్తి నింపునపుడును దుమ్ము లేచును. పెద్ద రేణువులను ముక్కును, శ్వాసనాళములలోని జిగురును పట్టుకొనును. నాళముల లోపలి సూక్ష్మకేశములు ఆ జిగురును పైకి నెట్టును. మిల్లీమీటరులో రెండువందలవ వంతుకంటె చిన్నవైన రేణువులు వాయుకోశములను చేరగలవు. అచటి రక్షకకణములు వానిని మ్రింగును గాని జీర్ణింపజాలవు. బొగ్గు అచటనే నిలిచి, ఏండ్లు గడచిన కొలది కణజాలము గట్టిపడవచ్చును. అట్లు గట్టిపడిన భాగమును మరల మెత్తబరచు ఔషధము లేదు. బాయి దిగుట మానిన పిదపను వ్యాధి ముదురవచ్చును.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైన విషయమొకటి కలదు. ఊపిరితిత్తి కణజాలమునకు నొప్పి తెలియదు. వక్షస్సు లోపలి గోడను అంటియున్న పొరకు మాత్రమే అది తెలియును. కావున "నొప్పి లేదు, కనుక రోగము లేదు" అను కార్మికుని అనుమానము నిలువదు. శాస్త్రమున దీనికి సమాధానము కలదు. చీకటిలో కుండ కనబడనంత మాత్రమున కుండ లేదనరాదు. వెలుతురుండియు కనబడనపుడే లేదనవలెను. కనబడుటకు తగిన పరిస్థితియందు కనబడకపోవుటనే యోగ్యానుపలబ్ధి యందురు. నొప్పి నెరుగని అవయవమున నొప్పి లేకుండుట చీకటిలోని కుండ వంటిది. ఆయాసము తోచునప్పటికి వాయుకోశములు చాల భాగము చెడియుండవచ్చును.

అట్టియెడ ప్రత్యక్షమే శరణ్యము. గని కార్మికునికి అయిదేండ్లకొకమారు వైద్యపరీక్ష యను విధి 1955 నాటి గనుల నియమములందు చేర్చబడుట ఈ న్యాయమునకు అనుగుణము. ఎక్స్‌రే పటము, శ్వాసబలపరీక్ష ఈ కాలపు వెలుతురు. ఉద్యోగవిరమణ చేసినవారును వీనిని మానరాదు. పుట్టిన దుమ్మును నీరు చల్లి పుట్టినచోటనే అణచుట అంతకంటె మేలు. హేతువును పరిహరించుటయే చికిత్సలలో మొదటిదని ఆయుర్వేదమతము.